కొత్తిమీరలా ఉంటుంది, కూరలో వేసేవు!

అమ్మడూ,

వీడియో కాల్‌లో నీ కొత్త ఇంటి పెరడు చూశాను. కంచె వారగా సగం పూట నీడ పడే ఆ జాగా చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. న్యూజెర్సీలో అందరి ఇళ్ల ముందూ అవే హైడ్రాంజియా పూల పొదలు, హోస్టా ఆకు మొక్కలు. హోస్టాలైతే జింకలకి మనం పెట్టే ఫలహారం. నువ్వు థాలిక్ట్రమ్ అనే పూలమొక్క పెట్టు. నర్సరీలో మెడో రూ అని అడిగినా ఇస్తారు.

మన ఊళ్లో మడిలో వదిలేసిన కొత్తిమీర పూతకొస్తే గాలిలో తేలినట్టు ఉంటుంది చూడు, అలాంటి అందమే దీనిది. ‘లావెండర్ మిస్ట్’ అనే జపాన్ రకం ఆరడుగుల దాకా లేస్తుంది. జూలైలో పూస్తుంది. పూవు వేలి గోరంత కూడా ఉండదు. దగ్గరగా చూస్తే వంగపండు రంగు రేకులు, మధ్యలో పసుపు కేసరాల కుచ్చు. నిజానికి అవి రేకులు కావట, రక్షక పత్రాలట. వెనక ముదురాకుపచ్చ పొద ఏదైనా ఉంటేనే ఈ పూత కంటికి ఆనుతుంది. తెల్ల కంచె ముందు పెడితే ఉన్నట్టే తెలియదు.

మేపుల్ చెట్టు మొదట్లో మాత్రం వద్దు. దాని వేళ్లు పైపైనే పాకి తడంతా లాగేస్తాయి. దానికి పదడుగులు ఇవతల, పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట గొయ్యి తీసి, బాగా మాగిన కంపోస్టు కలుపు. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదులు. కుండీలో మట్టి ఎంతవరకు ఉందో నేలలోనూ అంతవరకే పాతు. నేల ఎండిపోకూడదు, అలాగని నీళ్లు నిలవకూడదు. కాడలు మోకాలెత్తు రాగానే ఊతకర్ర పాతు. వాన దెబ్బకి పడిపోయాక కట్టావంటే చీపురుకట్టలా ఉంటుంది.

అసలు చెప్పాల్సింది ఇది. చలికాలంలో పైన ఏమీ మిగలదు, వసంతంలో చిగురు ఆలస్యంగా వస్తుంది. మొదటి ఏడాది నేను ఏప్రిల్లో చచ్చిపోయిందనుకుని పారతో తవ్వేశాను. మట్టిలో గులాబీరంగు మొలకలు రెండు తెగి కనబడ్డాయి. మీ బాబాయి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. పాతిన చోట ఒక పుల్ల గుర్తు పెట్టుకుని, మే నెలాఖరు దాకా అటు పోకు. మొదటి ఏడు పూత పలచగానే ఉంటుంది, టెన్షన్ పడకు.

ఎండ బాగా పడే డ్రైవ్‌వే పక్కకి గౌరా అనే ఇంకో పూలమొక్క సరిపోతుంది. సన్నని తీగల మీద తెల్ల సీతాకోకచిలకలు వాలినట్టు మంచు పడే దాకా పూస్తూనే ఉంటుంది. టెక్సస్ వైపు మొక్క, ఎండని ఓర్చుకుంటుంది కానీ శీతాకాలంలో బంకమట్టిలో తడి నిలిస్తే కుళ్లిపోతుంది. కాస్త గులకరాళ్లు పోసి మట్టి ఎత్తు చేసి పెట్టు. దీనికి మూలవేరు లోతుగా దిగుతుంది, ఒకసారి పాతాక చోటు మార్చకు.

ఇంకోటి. థాలిక్ట్రమ్ లేతాకు దూరం నుంచి కొత్తిమీరలాగే ఉంటుంది. తినేది కాదది. మీ అత్తగారు వచ్చినప్పుడు ముందే చెప్పు, ఆవిడ పచ్చగా కనబడితే గిల్లేస్తారు.

ఏప్రిల్ చివర్లో నా దుబ్బు విడదీస్తాను, నీకో ముక్క ఉంచుతాను. పెరుగు డబ్బాలు పారెయ్యకు, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా.

నీ పిన్ని