మిల్లింగ్ మిషన్‌కి డిజిటల్ స్కేలు

ప్రశ్న: మా షెడ్డులో చిన్న మిల్లింగ్ మిషనుందండి, డయల్ చూసి కట్టర్ దించితే లోతు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, డిజిటల్ స్కేలు బిగించొచ్చా? – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: బిగించొచ్చు బాబూ. డయల్ గేర్లలో లూజు ఉంటాది, స్కేలైతే క్విల్ (కట్టర్‌ని పట్టుకుని పైకీ కిందకీ కదిలే గొట్టం) కదలికనే నేరుగా చూపిస్తాది, అంకె 0.01 మిల్లీమీటరు దాకా వస్తాది గానీ బ్రాకెట్ ఊగితే ఆ అంకెకి విలువ లేదు, అందుకని మందపాటి పట్టీతో క్విల్‌కి వీలైనంత దగ్గరగా, సమాంతరంగా బిగించు, వంకరుంటే దిగేకొద్దీ పట్టేస్తాది. డయల్ గేజీ (ముల్లుతో సన్నటి కదలిక చూపించే సాధనం) పెట్టి పైనుంచి కిందిదాకా సరిచూడు. పాత డిజిటల్ కాలిపర్ కోసి వాడతావా, దవడలు గట్టి స్టీలు, మామూలు డ్రిల్ బిట్టు జారిపోద్ది, గ్రైండరే దిక్కు. కూలెంట్ (కోసేటప్పుడు వేడి తగ్గించే ద్రవం) తడి తగిలితే అంకెలు గెంతుతాయి, మీవైపు వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు, రేకు మూత పెట్టుకో. హెడ్ (క్విల్ ఉండే మిషన్ పైభాగం) కదిపితే మాత్రం స్కేలుకి తెలీదు, మళ్లీ జీరో చేసుకోవాల్సిందే.