14 నెలల స్టైపెండ్ మీద 18 నెలల వాయిదాలా?

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తున్నాను. స్టైపెండ్ ఇంకా 14 నెలలు వస్తుంది. రోజంతా జర్నల్ పేపర్ల పీడీఎఫ్‌లు చదవాలి. లాప్‌టాప్ మీద చదివితే సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. అందుకని 10.3 అంగుళాల ఆండ్రాయిడ్ ఈ-రీడర్ (కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర ఉన్న, చదువుకునే పరికరం) కొనాలనుకుంటున్నాను. అప్పుడప్పుడు వెబ్ కూడా చూసుకోవచ్చు. 18 నెలల వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తామంటున్నారు. నా స్టైపెండ్ 100 అనుకుంటే ధర 90, నెల ఖర్చు 80, బ్యాంకులో పొదుపు 120, క్రెడిట్ కార్డు బాకీ 25. పోయిన ఏడాది స్టైపెండ్ 2 నెలలు ఆలస్యమైనప్పుడు మిగిలిపోయిన బాకీ అది. చదువు కోసమే కాబట్టి ఇది పెట్టుబడే కదా, తీసుకోనా?

జవాబు: వాయిదాల మీద తీసుకోవద్దు. ఈ-రీడర్ మీకు పనికొస్తుందా అన్నది తర్వాత చెప్తాను. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి లాప్‌టాప్, ఒకరికి కెమెరా, మీకు ఈ-రీడర్. తప్పు మాత్రం ఒక్కటే: చేతికి డబ్బు వచ్చే కాలం కంటే అప్పు తీర్చే కాలం ఎక్కువ. 14 నెలలకు స్టైపెండ్ ఆగిపోతే, మిగిలిన 4 వాయిదాలు ఎక్కడి నుంచి కడతారు? ‘నెలకు 5 మాత్రమే’ అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోతారు, మీరూ అక్కడే ఆగారు.

వడ్డీ లేదన్న మాటనూ అంత తేలిగ్గా నమ్మకండి. మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు మీకు ఇస్తున్నారా? ప్రాసెసింగ్ ఫీజు ఎంత? ఒక్క వాయిదా తప్పితే ఏం వసూలు చేస్తారు? ఈ మూడూ అడగండి. స్టైపెండ్ ఆలస్యమయ్యే చోట వాయిదా తప్పడం ఊహ కాదు, మీకు ఒకసారి అనుభవమే. నెలకు 3 శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది, కానీ ఆ లెక్కన కట్టకుండా వదిలేసిన బాకీ చక్రవడ్డీతో ఏడాదిలో 42 శాతానికి పైగా పెరుగుతుంది. మీ కార్డు ఎంత తీసుకుంటోందో స్టేట్‌మెంట్ తీసి చూడండి. బ్యాంకులో 120 పెట్టుకుని కార్డు మీద 25 బాకీని ఏడాదిగా మోయడం నాకు అసలు అర్థం కాలేదు. ఈ రోజే కట్టేయండి.

కట్టేస్తే మీ దగ్గర మిగిలేది 95. నాకు టెన్షన్ పుట్టించే అంకె ఇదే. స్టైపెండ్ మళ్లీ 2 నెలలు ఆగితే మీకు 160 కావాలి. అంటే ఒకసారి జరిగిన దానికే మీ దగ్గర డబ్బు చాలదు, కొత్తగా వచ్చే కష్టం సంగతి సరేసరి. అత్యవసర నిధి గురించి ఎప్పుడూ అదే పాట అని కొందరు పాఠకులు విసుక్కుంటారు. విసుక్కున్నా చెప్తాను. నెల జీతం ఖాయంగా వచ్చేవాళ్ల కంటే స్టైపెండ్ మీద బతికేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. మీకు పీఎఫ్ లేదు, నోటీసు పీరియడ్ లేదు, జీతం చూపించి లోన్ అడిగే వీలూ లేదు. పైగా థీసిస్ ఇచ్చిన తర్వాత ఉద్యోగం వచ్చేదాకా ఇల్లు గడవాలి.

లెక్క చూడండి. నెలకు 20 మిగులుతోంది కదా. అదంతా పక్కన పెడితే 7 నెలలకు 95 కాస్తా 235 అవుతుంది, అంటే దాదాపు 3 నెలల ఖర్చు. ఆ గీత దాటేదాకా ఏ పరికరమూ కొనకండి. 14 నెలలూ ఏమీ కొనకుండా దాస్తే 375, అంటే 5 నెలల ఖర్చుకు కాస్త తక్కువ. మధ్యలో సగం ధరకు వాడిన ఈ-రీడర్ కొన్నా 330 మిగులుతుంది, అది 4 నెలల పైమాటే. ఈ దారిలో ఈ-రీడరూ వస్తుంది, నిధీ ఉంటుంది, ఎవరికీ బాకీ ఉండరు. ఈ నిధి సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లోనో ఉంటే చాలు, రాబడి కోసం వెంపర్లాడకండి. ఆరోగ్య బీమా మీ విశ్వవిద్యాలయం ఇస్తోందా, స్టైపెండ్‌తో పాటే అదీ ముగుస్తుందా అన్నది కూడా కనుక్కోండి.

ఇక ఈ-రీడర్. తెర సైజు విషయంలో మీ ఆలోచన సరైనదే. 6 అంగుళాల తెర వెడల్పు సుమారు 91 మిల్లీమీటర్లు, ఏ4 కాగితం వెడల్పు 210. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే 10 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకు కాస్త పైన తేలుతుంది. నవలలకు ఆ సైజు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఈ-పుస్తకాలు వచ్చే ఈపబ్ ఫైల్లో అక్షరం పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌లో అలా కుదరదు. సమీకరణాలు, పట్టికలు ఉంటే మరీ కష్టం. 10.3 అంగుళాల మీద అదే అక్షరం 7 పాయింట్లు ఉంటుంది. అంచుల తెల్లభాగం కత్తిరించే సౌకర్యం ఉంటే 9కి దగ్గరగా వస్తుంది. 13.3 అంగుళాలైతే దాదాపు కాగితం సైజే, కానీ బరువూ ధరా రెండూ పెరుగుతాయి. మీకు అంత అక్కర్లేదు.

వెబ్ కోసమని మాత్రం ఎక్కువ ధర పెట్టకండి. ఈ-ఇంక్ తెర మీద పేజీ పైకీ కిందికీ జరుపుతుంటే పాత అక్షరాల నీడలు మిగులుతాయి, తెర మిణుకుమంటుంది. మామూలు ఈ-రీడర్లలో బ్రౌజర్ ఉన్నా నామమాత్రమే. ఆండ్రాయిడ్ రకాల్లో నయం, అయినా సెక్యూరిటీ అప్‌డేట్లు ఎంతకాలం వస్తాయో చూసుకోవాలి. వాటిలో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. వెబ్‌కు మీ ఫోన్ ఉంది. పెద్ద వ్యాసమైతే ఫైలుగా దాచి ఈ-రీడర్‌లోకి పంపుకోండి. రంగుల తెర మీద కూడా మోజు వద్దు: కాలైడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపు అక్షరాలు 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉంటే, రంగులు 150 మాత్రమే.

మీరు చూసుకోవాల్సింది నోట్సు సంగతి. పీడీఎఫ్ మీద మీరు గీసిన గీతలు, రాసిన మాటలు అదే ఫైల్లో బయటికి వచ్చి లాప్‌టాప్‌లో తెరుచుకుంటాయా? లేకపోతే థీసిస్ రాసేటప్పుడు అన్నీ మళ్లీ వెతుక్కోవాలి. ఎవరి దగ్గరైనా 10 అంగుళాల ఈ-రీడర్ ఉంటే వారం అడిగి తీసుకుని, మీ సొంత పేపర్లు ఓ అయిదు అందులో చదవండి. వాడినది కొనేటప్పుడు తెరకు పగుళ్లు, బ్యాటరీ, ముందటి యజమాని ఖాతా తీసేశారా లేదా చూడండి.

‘పెట్టుబడి’ అన్నారు. దాని వల్ల మీ రాబడి ఎంత పెరుగుతుందో, ఎప్పటికి పెరుగుతుందో మీరు చెప్పగలిగితే ఆ మాట ఒప్పుకుంటాను. చెప్పలేకపోతే అది ఖర్చే. అవసరమైన ఖర్చే కావచ్చు, కానీ ఖర్చును దాచుకున్న డబ్బుతోనే చేయాలి.

ఈ 7 నెలలు ఎలా అంటారా? మీ గైడును అడగండి, పరిశోధన ఖర్చుల నిధిలో పరికరాలకు వీలుంటే సమస్యే తీరిపోతుంది. లైబ్రరీలో ఈ-రీడర్లు అరువిస్తారేమో కనుక్కోండి. లోతుగా చదవాల్సిన కొద్ది పేపర్లను ప్రింట్ తీసుకోండి, మిగతావాటికి లాప్‌టాప్‌లో అక్షరం పెంచి, వెలుగు తగ్గించి చూడండి. కళ్ల మంటను మాత్రం 7 నెలలు వాయిదా వేయొద్దు, ఈ వారమే కంటి డాక్టరుకు చూపించుకోండి. కళ్లద్దాల నంబరు మారి ఉంటే ఏ తెర కొన్నా ఆ మంట పోదు.