ఫ్లైట్ ఎక్కకముందే క్యాడ్ సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చుకోండి

పోయిన నెల శ్రీకాకుళం వెళ్ళాను, పది రోజులే సెలవు, అందులో రెండు సాయంత్రాలు మా మేనల్లుడి లాప్‌టాప్ ముందే గడిచిపోయాయి. వాడు రాజాం వైపు మెకానికల్ చదివాడు, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వస్తున్నాడు. "ఒరే తమ్ముడూ, ఆడికి ఏటేటి కావాలో నువ్వే సూసి సెప్పు, మాకేటి తెలుస్తాది" అని అక్క అనేసరికి కూర్చున్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఏటా చాలామంది ఇదే దారిలో వస్తున్నారు కాబట్టి వాడికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నా.

వాడు లాప్‌టాప్ తెరుస్తూనే "అన్నీ ఉన్నాయి మావయ్యా, సాలిడ్‌వర్క్స్, కాటియా, ఆటోక్యాడ్, కొన్న షాపువాళ్ళే వేసి ఇచ్చారు" అన్నాడు సంతోషంగా. మెషిన్ భాగాలు, బిల్డింగ్ ప్లాన్లు కంప్యూటర్‌లో గీసే ఇలాంటివాటినే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు అంటారు. నేను ముందు విండోస్ సెక్యూరిటీ తెరిచి ఎక్స్‌క్లూజన్స్ చూశాను. సీ డ్రైవ్ మొత్తం అందులో ఉంది. అంటే ఆ డ్రైవ్‌లో ఏ వైరస్ ఉన్నా పట్టించుకోవద్దని యాంటీవైరస్‌కి చెప్పి పెట్టారన్నమాట, ఎందుకంటే అలా చెయ్యకపోతే క్రాక్ ఫైల్, అంటే డబ్బు కట్టకుండా దొంగతనంగా సాఫ్ట్‌వేర్ నడిపించేది, బతకదు. అదే లాప్‌టాప్ మీద బావ కార్డుతో స్టూడెంట్ వీసా కోసం 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టారు, పాస్‌పోర్ట్ స్కాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ ఒరిజినలే కాబట్టి కాగితాలు పక్కన పెట్టుకుని మొత్తం రీసెట్ కొట్టేశాం, నెట్ బ్యాంకింగ్, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్పించాను. మీ లాప్‌టాప్ కూడా అలాంటిదే అయితే ఇవాళే ఈ పని చెయ్యండి, రేపటికి పెట్టకండి.

క్రాక్ వద్దంటే మరి డబ్బులెక్కడివి అంటారు. అసలు మీరు పైసా పెట్టక్కర్లేదు, చాలామందికి ఈ సంగతి తెలీక క్రాక్ వేసుకుంటున్నారు. 2011లో నేనూ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నవాణ్ణే. నాది ల్యాబ్‌లో ఉన్నదానికంటే కొత్త వెర్షన్, సబ్మిషన్ ముందు రోజు సాయంత్రం ల్యాబ్‌లో ఫైల్ తెరిస్తే ఇది ఫ్యూచర్ వెర్షన్‌ది, తెరవడం కుదరదు అని వచ్చింది. రాత్రంతా కూర్చుని 14 పార్టులు మళ్ళీ మొదట్నుంచి గీశాను. పొద్దున్న ల్యాబ్‌లో ఉన్నావిడ చూసి "ఇది నువ్వు కట్టిన ఫీజులోనే ఉంది కదా, మొదటి రోజే ఎందుకడగలేదు" అంది. నాకు ఇంగ్లీషులో అడగాలంటే మొహమాటం, అంతే, వేరే కారణం లేదు.

ఇప్పుడు అసలు విషయం. అడ్మిషన్ ఖాయమయ్యాక యూనివర్సిటీ ఇచ్చే మెయిల్ ఐడీని ఇండియాలో ఉండగానే యాక్టివేట్ చేసుకోండి, అన్నిటికీ అదే తాళం చెవి. దానికి డబుల్ వెరిఫికేషన్ ఉంటుంది, ఇండియా నంబర్‌కి కాల్ వచ్చేలా పెట్టుకుని ఇక్కడికొచ్చి సిమ్ మార్చేసి లాగిన్ కాలేక ఇబ్బంది పడినవాళ్ళని చూశాను, అందుకే ఫోన్‌లో యాప్ పెట్టుకోండి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

ఆటోక్యాడ్, ఇన్వెంటర్, ఫ్యూజన్, రెవిట్ ఇవన్నీ ఆటోడెస్క్‌వి, స్టూడెంట్లకి ఏడాది పాటు ఫ్రీ, చదువు ఉన్నంతకాలం ఏటా రెన్యూ చేసుకోవచ్చు. కాకపోతే స్టూడెంట్ అని రుజువు చూపించాలి, మన తెలుగువాళ్ళకి ఇక్కడే చిక్కు వస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట ఉంటాయి, సైట్‌లో మనం అలవాటుగా ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే కొట్టేస్తాం, అప్‌లోడ్ చేసిన లెటర్‌లో పేరుకీ దీనికీ పొంతన కుదరక రిజెక్ట్ అవుతుంది. యూనివర్సిటీ రికార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి. లెటర్ మీద మీ పేరు, యూనివర్సిటీ పేరు, ఈ టర్మ్ తేదీ మూడూ కనపడాలి, ఫీజు రసీదు అయినా సరిపోతుంది. క్లాసులు మొదలవ్వకముందు రిజెక్ట్ అయితే కంగారు పడకండి, రిజిస్ట్రేషన్ అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ లెటర్ తీసుకుని మళ్ళీ పెట్టండి.

సాలిడ్‌వర్క్స్ లెక్క వేరు, అది మీ డిపార్ట్‌మెంట్ ఎలా తీసుకుందో దాన్నిబట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మీ పేరు మీద సీరియల్ నంబర్ ఇస్తారు, కొన్నిచోట్ల నెట్‌వర్క్ లైసెన్స్, అంటే లైసెన్స్ యూనివర్సిటీ సర్వర్‌లో ఉంటుంది, మీరు తెరిచినప్పుడు ఒకటి తీసుకుని మూసినప్పుడు వెనక్కి ఇస్తారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 25734 అనే పోర్ట్ నంబరూ సర్వర్ పేరూ అడుగుతుంది, వాళ్ళిచ్చిన పేజీలో ఉన్నది ఉన్నట్టు కాపీ చెయ్యండి. రూమ్‌లో తెరిస్తే లైసెన్స్ దొరకలేదని వస్తే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేయకండి, ముందు విపిఎన్ (బయట ఉన్నా మిమ్మల్ని యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి కలిపేది) కనెక్ట్ అయిందా లేదా చూడండి, ఎక్కువసార్లు అదే. సెలవులకి ఇంటికొస్తూ నెట్ ఉంటుందో లేదో అనుకుంటే లైసెన్స్ బారో చేసుకునే, అంటే సర్వర్‌తో పనిలేకుండా కొన్నాళ్ళు అరువు తెచ్చుకునే సదుపాయం ఉంది, యూనివర్సిటీ ఒప్పుకుంటే 30 రోజుల వరకు.

లాప్‌టాప్ ఇంకా కొననివాళ్ళకి ఒక మాట. మ్యాక్ బాగుంటుంది, కాదనను, కానీ సాలిడ్‌వర్క్స్, ఇన్వెంటర్, రెవిట్, కాటియా ఇవి విండోస్‌వే. పాత ఇంటెల్ మ్యాక్‌లో బూట్‌క్యాంప్‌తో విండోస్ వేసుకునేవాళ్ళం, 2020 చివర్లో ఎమ్1 చిప్ వచ్చాక వాటిల్లో ఆ దారి లేదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ లాప్‌టాప్‌లు కూడా సన్నగా, అందంగా ఉన్నాయని తీసేసుకోకండి, చాలా క్యాడ్ సాఫ్ట్‌వేర్లకి వాటిమీద సపోర్ట్ లేదు. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ, 16 జీబీ ర్యామ్ కనీసం, వీలైతే 32. ఇప్పటికే మ్యాక్ కొనేసినవాళ్ళు బాధపడకండి, ఫ్యూజన్‌కీ ఆటోక్యాడ్‌కీ మ్యాక్ వెర్షన్లు ఉన్నాయి, ఆన్‌షేప్ అయితే బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మిగతావాటికి చాలా యూనివర్సిటీలు వర్చువల్ డెస్క్‌టాప్ ఇస్తాయి, అంటే యూనివర్సిటీ కంప్యూటర్‌ని నెట్ ద్వారా మీ తెరమీద వాడుకోవడం. అందులో పని చేసేటప్పుడు ఫైల్ మాత్రం ఆ డెస్క్‌టాప్ మీద సేవ్ చెయ్యకండి, లాగాఫ్ అయితే చాలాచోట్ల మొత్తం తుడిచేస్తారు, మీ పేరు మీద ఇచ్చిన క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టండి.

ఎక్కడైనా ఆగిపోతే హెల్ప్ డెస్క్‌కి రాయండి. సీనియర్ల వాట్సాప్ గ్రూప్‌లో అడగడం తప్పు కాదు గానీ లైసెన్స్ ఇచ్చే చెయ్యి అక్కడ లేదు. పెద్ద లెటర్ అక్కర్లేదు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, ఏ విండోస్, రూమ్‌లోనా క్యాంపస్‌లోనా, ఎర్రర్ స్క్రీన్‌షాట్, ఇప్పటిదాకా ఏం చేసి చూశారు, ఇంతే. ఇంగ్లీషులో తప్పులున్నా వాళ్ళు పట్టించుకోరు, ఈ పని కోసమే కూర్చుంటారు.

ఇంకోటి, ఈ స్టూడెంట్ లైసెన్స్ చదువుకోడానికే. విజయనగరంలో చుట్టాలెవరో ఇల్లు కడుతున్నారు, ప్లాన్ గీసిపెట్టు, డబ్బులిస్తాం అంటే దీనిమీద చెయ్యకూడదు.

ఏడు రోడ్ల జంక్షన్ దాకా టీకి నడుస్తూ వాడికి ఇంకో విషయం చెప్పాను. మనం కాలేజీలో గీసింది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్, అందులో టాప్ వ్యూ (పైనుంచి చూసిన బొమ్మ) ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. అమెరికాలో థర్డ్ యాంగిల్, టాప్ వ్యూ పైనే. ఇది తెలియకపోతే మోడల్ సరిగ్గా ఉన్నా డ్రాయింగ్‌కి మార్కులు పోతాయి, సాలిడ్‌వర్క్స్‌లో అయితే షీట్ ప్రాపర్టీస్‌లో మార్చుకోవాలి.

వాడు ఆ రాత్రి ఇన్వెంటర్ డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాడు. నేను తిరిగొచ్చిన రెండో రోజు ఫోన్, "మావయ్యా, ఇన్‌స్టాల్ అయిపోయింది, కానీ 50 మిల్లీమీటర్లనుకుని 50 కొడితే పార్టు మరీ పెద్దది వస్తోంది". ఇన్‌స్టాల్ చేసినప్పుడు యూనిట్లు అంగుళాల్లో ఉండిపోయాయి. కొత్త పార్ట్ తెరిచేటప్పుడు మెట్రిక్ టెంప్లేట్ ఎంచుకోమన్నాను, ప్రొఫెసర్ అంగుళాల్లో అడిగితే మాత్రం అలాగే ఇవ్వమన్నాను.