ఈగలు చనిపోయిన తేనెపెట్టెలో కొత్త గుంపుని పెట్టొచ్చా?

చలికాలంలో తేనెటీగలన్నీ పోయాయి, ఆ పెట్టె, ఫ్రేములు కడిగి మళ్లీ వాడొచ్చా అని అడిగారు. పెట్టెకి దాదాపు ఎప్పుడూ ఢోకా ఉండదు. తుట్టెల సంగతి మాత్రం ఈగలు ఎందుకు పోయాయో తేలాకే. అందుకని ఇంకా ఏదీ కడగకండి.

చలికి పోయాయంటే నేను నమ్మనండి. హైదరాబాద్ డిసెంబర్ రాత్రులు వాటికి ఓ లెక్క కాదు. తిండి అందకో, రోగమొచ్చో, ఈగల ఒంటిని పట్టి పీల్చే వరోవా నల్లి పట్టో పోయుంటాయి. సైనిక్‌పురిలో మా మేడ మీద ఇలాగే ఈగలు పోయిన పెట్టె తెరిస్తే, అవి అరల్లోకి తలలు దూర్చి, తోకలు బయటికి పెట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. చుట్టుపక్కల చుక్క తేనె లేదు. ఆకలి చావు అది. అలాంటి తుట్టెలు దులిపి ఇచ్చేస్తే మిగతా శుభ్రం కొత్త ఈగలే చేసుకున్నాయి.

భయపడాల్సింది వేరే ఉంది. పిల్లపురుగులుండే అరల మూతలు కుంగి, చిల్లులు పడి, జిడ్డుగా కనిపిస్తే అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా లాగండి. గోధుమరంగు తీగ సాగిందంటే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ (పిల్లపురుగుల్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా రోగం) అనుకోవాల్సిందే. ఎండిపోయి ఉంటే తీగ రాదు, అర కింది గోడకి నల్లటి పెచ్చు అతుక్కుని గీకినా ఊడదు. ఆ బ్యాక్టీరియా బీజాలు 40 ఏళ్లయినా చావవు, సబ్బునీళ్లు వాటిని ఏం చేస్తాయి? ఫ్రేములు తుట్టెలతో సహా గుంటలో వేసి కాల్చి పూడ్చడమే. అనుమానంగా ఉంటే రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో కీటకశాస్త్రం వాళ్లకి చూపించండి. దేశీ ఈగలైతే థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం కూడా ఉందేమో చూడాలి, అందులో పిల్లపురుగు నీళ్లసంచిలా ఉబ్బుతుంది. 1991-92లో దక్షిణాదిన దేశీ ఈగల్ని ఊడ్చేసింది ఇదే. ఆ తుట్టెలు కరిగించి మైనం తీసుకోండి.

రోగం లేదని తేలితే ఇక తొందరపడండి, మన ఎండల్లో మైనపు పురుగు వారాల్లోనే తుట్టెని తినేసి సాలెగూడులా చేసేస్తుంది. చెక్కలో కూడా గుంటలు తొలుస్తుంది. ఫ్రేముల్ని పాలిథిన్ కవర్లో చుట్టి రెండు రోజులు ఫ్రీజర్లో పెడితే గుడ్లతో సహా చస్తుంది (ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, అది మీ తిప్పలు). బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి, లేకపోతే తేమ పట్టి బూజొస్తుంది. నల్లబడిన తుట్టెల్ని దాచుకోకండి, దేశీ ఈగలకి అవి నచ్చవు కూడా. మైనం చేసేసి కొత్త ఫౌండేషన్ షీట్లు (అరల అచ్చు వేసిన మైనపు రేకులు) వేయండి.

పెట్టె లోపల మైనం, జిగురు గీకేసి ప్లంబర్ల బ్లో ల్యాంప్‌తో మూలలు, సందులు కాల్చండి. చెక్క రంగు మారితే చాలు, బొగ్గు కానక్కర్లేదు. మిగిలిన తేనె వేరే ఈగలకి పెట్టొద్దు, పెట్టెని తెరిచి బయట వదిలేయొద్దు. ఊళ్లో ఈగలన్నీ దోచుకుని రోగాన్ని కూడా మోసుకెళ్తాయి.

ఇంతకీ పెట్టె అడుగున చచ్చిన ఈగలు ఉన్నాయా? ఒక్కటీ లేకపోతే అవి చావలేదు, పెట్టె వదిలి లేచిపోయాయి. అలాగైతే తుట్టెల ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.