మళ్లీ నవలలు చదవాలనుకుంటే అలమండలో మొదలుపెట్టండి

మీది శ్రీకాకుళం, కాలేజీ రోజుల్లో నవలలు బాగా చదివేవారు, పదేళ్లుగా పూర్తిగా మానేశారు. ఈమధ్య అవార్డు వచ్చిందని ఒక లావుపాటి నవల కొని నలభై పేజీల దగ్గర ఆగిపోయారు. ఈ కాలపు మంచి తెలుగు నవలల్లో దేనితో మొదలుపెట్టాలని అడిగారు. నాది విజయనగరం. నేనూ పెళ్లయ్యాక ఎనిమిదేళ్లు పుస్తకం ముట్టుకోలేదు. మళ్లీ ఎలా అలవాటైందో చెప్తాను, మీకూ పనికొస్తుందని నమ్మకం.

అవార్డుల వరస పట్టుకుని వెళ్లకండి. మన యాసలో ఉన్న నవల ఒకటి తీసుకుని పైకి చదవండి.

మా నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయిన రోజులవి. కంటికి పచ్చ గుడ్డ, గంట గంటకీ చుక్కల మందు, పేపరు చదవకూడదు, టీవీ చూడకూడదు. రెండో రోజుకే ఆయనకి ఊపిరాడలేదు. "ఏటమ్మా, ఊరకే కూకున్నావు. ఏదోటి సదువు, ఇంటాను" అన్నారు. చేతికి దొరికింది కె.ఎన్.వై. పతంజలి రాసిన 'గోపాత్రుడు'. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని అలమండలో పుట్టిన తగువు అది. నాన్నకి అలమండ అంటే రైలు కిటికీ. విశాఖపట్నం నుంచి వస్తుంటే కొత్తవలస దాటాక అలమండ, తర్వాత కోరుకొండ, ఆ తర్వాత ఇల్లు. ఆ ఊరి పేరు పుస్తకంలో వినపడగానే లేచి కూర్చున్నారు.

మొదటి రోజు నవ్వు ఆపుకోలేక కంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు. రెండో రోజు మధ్యలో ఆపమన్నారు. కాసేపాగి, "ఇది ఎగతాళి కాదమ్మా. మా పినతాత గట్టు తగువులో మూడెకరాలు అమ్మీసినాడు. ఆ గట్టు జానెడే ఉంటాది" అన్నారు. ఆ పినతాత సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ పుస్తకం చదవకపోతే ఎప్పటికీ తెలిసేది కాదేమో.

మీరు ఇటీవలి నవలలు అడిగారు. పతంజలి 2009లోనే పోయారు, ఆ పుస్తకం అంతకంటే చాలా పాతది. అయినా ముందు పెడుతున్నానంటే కారణం ఉంది. సినిమాల్లో మన మాట ఎప్పుడూ పనివాడికో, నవ్వించేవాడికో ఇస్తారు. అది వినీ వినీ మనమే ఊరు దాటగానే మాట మార్చేసుకుంటాం. పతంజలి దగ్గర అదే మాటతో మనుషులు వాదిస్తారు, పంతం పడతారు, భూగోళం గురించే తేల్చుకోవాలనుకుంటారు. అది నచ్చితే 'వీరబొబ్బిలి' చదవండి. అదొక రాజుగారి దివాణంలో కుక్క పేరు. రెండూ చిన్నవే. ఆయన రచనలు సంపుటాలుగా కూడా వచ్చాయి.

తర్వాత డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. పందులు కాసుకునే ముసలాయన తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అక్కడ అది ఈని ఉంటుంది, పిల్లల మీద భయంతో పెంచినవాణ్నే దగ్గరికి రానివ్వదు. చాలావరకు ఒక్క రాత్రి జరిగే కథ. ఆ ముసలాయనకి పేరు కూడా ఉండదు, అయినా నాకు మా ఊరి గొడ్ల సావిట్లో పడుకునే తాతే కనిపించాడు. ముగింపు గురించి ఎవర్నీ అడగకండి, ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

అడవి మీద మనసు పోతే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఉంది. కరువొచ్చి గొర్రెల్ని నల్లమలకి తోలుకెళ్లే వాళ్ల కథ. సినిమా చూశానని వదిలెయ్యకండి, గొర్రెల నడకా, నీళ్ల వెతుకులాటా చదువుతుంటేనే తెలుస్తాయి. బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాయలసీమ పాలెగాళ్ల కాలం, మనుషులు చాలామంది. గొప్ప నవలే గానీ ఇప్పుడే వద్దు, ఓ ఆరు నెలలు పోయాక తీయండి.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువైనది జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. ఇది కూడా నేను మొదటిసారి మధ్యలో వదిలేశాను. రూతు అనే ఆవిడ తలుచుకుంటూ ఉంటే తరాల కథ వెనక్కీ ముందుకీ నడుస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీక తికమకపడ్డాను. రెండోసారి ఒక తెల్లకాగితం తీసుకుని పైన ఎల్లన్న, సుభద్ర అని రాసి, కింద పిల్లల్నీ మనవల్నీ గీతలు గీసి కలుపుకుంటూ చదివాను. ఎల్లన్న ఆటా పాటా తెలిసిన దళితుడు. ఆ కళ అతనిదే, కానీ ఊళ్లో చోటు మాత్రం అతనిది కాదు. కరువులో జనం ఊళ్లు వదిలి నడిచి వెళ్లిపోయే చోట పుస్తకం మూసి బాల్కనీలో నిలబడ్డాను. హైదరాబాదు, చెన్నై బండ్ల కోసం మూటలతో స్టేషన్లో పడుకునే మన పల్లెలవాళ్లని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఆ రోజు వరకూ ఒక్కసారీ సరిగ్గా చూడలేదనిపించింది.

శ్రీకాకుళంలోనే ఉన్నారు కాబట్టి కథారచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన గ్రంథాలయం, కథానిలయానికి ఒక్కసారి వెళ్లి రండి. అది కథల కోసం కట్టిన ఇల్లు, నవలల కోసం కాదు. అయినా నవలకి ఓపిక లేని వారాల్లో నేను కథలే చదువుకున్నాను, అలవాటు తెగకుండా అవే నిలబెట్టాయి.

ఆ పేర్ల కాగితం ఇంకా నా పుస్తకంలోనే ఉంది, మడతల దగ్గర కొంచెం చిరిగింది. మీరు 'అంటరాని వసంతం' మొదలుపెట్టినప్పుడు చెప్పండి, ఫోటో తీసి ఇక్కడే పెడతాను.