ఉద్దాలూ ఉండాలి, గ్లాసూ ఉండాలి

మహబూబ్‌నగర్

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

కురుమూర్తి జాతర మీద నీవు రాసిన కథ, దానితోపాటు పెట్టిన ఉత్తరం అందాయి. నాయనమ్మ భక్తిని మూఢత్వంగా చూపించమని సాహిత్య మిత్రులు, హోటల్లో రెండు గ్లాసుల ముచ్చట తీసెయ్యమని ఊరి పెద్దలు పట్టుబడుతున్నారనీ, ఎవరి మాట వినాలో పాలుపోవడం లేదనీ రాశావు. ఇద్దరూ అడుగుతున్నది ఒక్కటే: నీవు కళ్లారా చూసినదాన్ని తమకు నచ్చినంత మేరకే రాయమని.

వడ్డేమాన్‌లో కుట్టిన స్వామివారి ఉద్దాలు, అంటే పాదరక్షలు, ఊరేగింపుగా వస్తుంటే, జనాన్ని తోసుకుంటూ వెళ్లి వాటిని నెత్తికి తాకించుకున్న నాయనమ్మ, తన ఊరి హోటల్లో ఆ ఉద్దాలు కుట్టే కులపు మనిషికే వేరే గ్లాసులో చాయ్ పోస్తుంటే చూసీ చూడనట్టు తల తిప్పుకుంటుంది. కథకు ప్రాణం ఇక్కడే ఉంది. ఆమె కళ్లలో నీళ్లు నిజమైనవి కాబట్టే ఆ తల తిప్పుకోవడం పాఠకుడిని కలవరపెడుతుంది. నీకు దేవుడి మీద నమ్మకం ఉందని ఉత్తరంలో ఏదో తప్పు చేసినవాడిలా రాశావు. దాచుకోవలసిన పని లేదు. ఆ నమ్మకమే కదా, గ్లాసు దగ్గర నిన్ను నిలదీసింది!

అయితే అంతరాత్మ పేరు చెప్పుకొని మొండితనం చేసేవాళ్లను కూడా చాలామందిని చూశాను. నలుగురూ కాదన్నంత మాత్రాన మన మాట నిజమైపోదు. దానికి చాకిరీ చేయాలి. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారని సభల్లో వింటూనే ఉంటావు. చప్పట్లు కొట్టి లేచిపోతాం గాని, ఆ పద్యాలు సేకరించడానికి పట్టిన ఓపిక ఎంతటిదో ఆలోచించం. చరిత్ర రాసినప్పుడూ ఆయన రాజుల యుద్ధాలను పక్కనబెట్టి జనం తిండిని, బట్టను, ఆటలను, ఆచారాలను వెతుక్కుంటూ పోయారు. ఆ ఆంధ్రుల సాంఘిక చరిత్రకే, ఆయన పోయాక, 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. పురస్కారం మాట అటుంచు, వెతకడం చూడు.

మిత్రులు భాష గురించి, కథ నడక గురించి చెప్పినవి వినదగినవే. మొదటి పేజీలో జాతర వర్ణన సగానికి సగం తగ్గించు. చివర మనవడు చేసే ఉపన్యాసం మాత్రం పూర్తిగా కొట్టెయ్యి. అది మిత్రుల మెప్పు కోసం రాసిందని చదవగానే తెలిసిపోతోంది. అలిగినవాళ్లు కొన్నాళ్లు పలకరించకపోవచ్చు, నీవు మాత్రం వాళ్ల సమావేశాలకు పోవడం మానకు.

ఇంకొక్క సంగతి. హోటల్లో ఆ రెండో గ్లాసు ఎక్కడ పెట్టేవారో, తాగాక దాన్ని ఎవరు కడిగేవారో నీ కథలో లేదు. పత్రికకు పంపేముందు ఊరికి పోయి, ఆ గ్లాసులో చాయ్ తాగిన పెద్దమనుషులనే అడిగి తెలుసుకొని రా.

ఇట్లు,
మీ అన్న