అమెరికాలో రెండు చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో సీటొస్తే ఫీజు తక్కువున్నదే తీసుకోవాలా?

అక్కర్లేదు, వెబ్‌సైట్‌లో రాసిన ఫీజు కాదు, గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు పోగా ఏడాదికి మీ జేబులోంచి ఎంత పోతుందో అది పోల్చాలి. డిగ్రీ స్థాయిలో రకరకాల సబ్జెక్టులు నేర్పే ఈ ప్రైవేటు కాలేజీలు పైకి ఒక రేటు చెప్పి, కుటుంబ ఆదాయాన్నో మార్కుల్నో బట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా తగ్గిస్తాయి, అందుకే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కట్టేది ఒకటే కాదు. ఒకచోట మొత్తం ఖర్చు 90,000 డాలర్లు, గ్రాంటు 60,000. ఇంకోచోట ఖర్చు 65,000, స్కాలర్‌షిప్ 20,000 అనుకోండి. మొదటిదానికి 30,000, రెండోదానికి 45,000, అంటే చౌక అనుకున్నదే బరువు. కాలేజీ ఎంత సాయం ఇస్తుందో చెప్పే ఎయిడ్ లెటర్‌లో లోను, క్యాంపస్ పనికిచ్చే జీతం కూడా కలిపి పెద్ద అంకె చూపిస్తే వాటిని తీసేయండి, అవి తగ్గింపు కాదు.

తేడా కొద్దిపాటిదైతే అప్పుడు మీ సబ్జెక్టు చూడండి. చిన్న డిపార్ట్‌మెంట్లలో పైస్థాయి కోర్సు ఏడాది విడిచి ఏడాది పెట్టడం మామూలే, గత రెండేళ్ల టైమ్‌టేబుల్ తెరిస్తే బ్రోషర్‌ కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇక మనవాళ్లు ఎక్కువగా పొరబడేది లిబరల్ ఆర్ట్స్ అన్న పేరు దగ్గర, ఆర్ట్స్ అనగానే బీఏ అనుకుంటారు. ఇలాంటి కాలేజీయే అయిన స్వార్త్‌మోర్‌లో ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, హార్వీ మడ్‌లో అనే ఇంకో కాలేజీలో అయితే మేజర్లన్నీ (ప్రధాన సబ్జెక్టులన్నీ) దాదాపు సైన్సు, లెక్కలు, ఇంజినీరింగే.